రీలు కడిగించి చూశాకే తెలిసింది: ఫిల్మ్ కెమెరాతో, డీఎస్ఎల్ఆర్‌తో మాన్యువల్ నేర్చుకున్న నా అనుభవం

మాన్యువల్ మోడ్ (వెలుతురు సెట్టింగులన్నీ మనమే పెట్టుకునే పద్ధతి) నేర్చుకోవాలంటే ఫిల్మ్ కెమెరాతోనే మొదలుపెట్టాలని ఫోటోలు తీసేవాళ్లు చాలామంది చెబుతారు. రీలు ఖరీదు కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని తీస్తావు, ఆ జాగ్రత్తే అన్నీ నేర్పిస్తుంది అని వాళ్ల లెక్క. నేనూ ఆ మాట నమ్మే 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టాను. నా విషయంలో అది సగమే నిజమైంది. ఏ సగం నిజమో తెలియడానికి ఏడున్నర వేల రూపాయలు, దాదాపు ఆరు నెలలు పట్టాయి. అందులో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. ఇదే ఆలోచనలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా దగ్గరున్నది నికాన్ డి5600 అనే డీఎస్ఎల్ఆర్, అంటే లెన్స్ మార్చుకోగల డిజిటల్ కెమెరా. 2019లో 18-55 లెన్స్‌తో కలిపి కొన్నాను. ఐదేళ్లూ ఆటోలోనే వాడాను, పగటిపూట ఏ ఇబ్బందీ లేదు. తంటా అంతా పొద్దుగూకాకే. అక్టోబర్ 2న, ఎంగిలిపూల బతుకమ్మ సాయంత్రం, హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర తీసిన ప్రతి ఫోటోకీ ఫ్లాష్ దానంతటదే లేచింది. ముందు నిలబడ్డ మా వదిన ముఖం తెల్లగా పాలిపోయింది. వెనక గుడి, దీపాలు, మిగతా బతుకమ్మలు అన్నీ చీకట్లో కలిసిపోయాయి. ఫ్లాష్ ఆపేసి తీస్తే ఆడుతున్నవాళ్లంతా అలుక్కుపోయారు. "ఫోన్‌తోని తీసినా ఇంతకన్న మంచిగొచ్చేటియి" అంది వదిన. అది నిజమే కావడం వల్ల ఇంకా ఎక్కువ బాధేసింది.

దసరాకి జనగామ వెళ్లినప్పుడు ఈ గోడు మా మేనమామ దగ్గర వెళ్లబోసుకున్నాను. మామయ్య చాలాకాలం అక్కడ ఫోటో స్టూడియో నడిపాడు. పాస్‌పోర్ట్ ఫోటోలు, పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, అన్నీ రీళ్ల మీదే. డిజిటల్ వచ్చాక కొన్నాళ్లు దానితోనూ నెట్టుకొచ్చి, తర్వాత మూసేశాడు. నేను చెప్పిందంతా విని బీరువాలోంచి తోలు సంచి ఒకటి తీశాడు. అందులో నికాన్ ఎఫ్ఎం10 ఫిల్మ్ కెమెరా, దాని 35-70 జూమ్ లెన్స్, విడిగా చిన్న 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ ఉన్నాయి. లివర్ లాగి షట్టర్ నొక్కితే టక్కుమని పడింది.

ఇన్నేళ్లు మూలన పడున్నా అది పనిచేయడానికి కారణం ఉంది. ఆ షట్టర్, అంటే వెలుతురుని లోపలికి వదిలే తెర, పూర్తిగా మెకానికల్. ఒక సెకను నుంచి 1/2000 సెకను దాకా అన్ని స్పీడ్లూ బ్యాటరీ లేకుండానే నడుస్తాయి. అడుగున వేసే రెండు ఎల్ఆర్44 బిళ్ల బ్యాటరీలు వెలుతురు కొలిచే మీటర్ కోసమే. గడియారాల షాపులో రెండూ కలిపి 60 రూపాయలకు దొరికాయి.

మిగతా పరిస్థితి అంత బాగా లేదు. బయటి వెలుతురు చొరబడకుండా వెనక తలుపు అంచుల్లో అంటించే స్పాంజి కరిగిపోయి వేలికి నల్లగా అంటుకుంది. జూమ్ లెన్స్ లోపల తెల్లటి నూలుపోగుల్లా ఫంగస్ అల్లుకుంది. మామయ్య దాన్ని కిటికీ వైపు ఎత్తి చూసి, "ఇది బాగై వచ్చేదాక నీ డిజిటల్ దాంతోటే నేర్చుకో బిడ్డా. రీలు వేసినంక నేర్చుకుందామంటే ఇల్లు గుల్లయితది" అన్నాడు. ఆ మాట నాకప్పుడు రుచించలేదు. రీలుతో నేర్చుకుందామనే కదా ఆ కెమెరా పట్టుకెళ్తున్నది.

హైదరాబాద్ కోఠిలో పాత కెమెరాలు బాగుచేసే ఒకాయనకి అక్టోబర్ మూడో వారంలో ఇచ్చాను. సీళ్లు మార్చడం, లెన్స్ విప్పి ఫంగస్ తుడవడం, షట్టర్ స్పీడ్లు సరిచూడటం కలిపి 3,200 చెప్పాడు. పది రోజుల్లో ఇస్తానన్నాడు. ఫోన్ చేస్తే దీపావళి తర్వాత అన్నాడు. దీపావళి వెళ్లాక పర్సోఁ (ఎల్లుండి) అన్నాడు. హైదరాబాదీ పర్సోఁ కదా, నవంబర్ చివరికి గానీ చేతికి రాలేదు. పని మాత్రం శుభ్రంగా చేశాడు. ఒక అద్దం మీద సన్నటి మచ్చ మిగిలిపోయిందని, సూర్యుడికి ఎదురుగా పెట్టి తీస్తే తప్ప అది తెలియదని తనే చూపించాడు. ఫంగస్‌ని తుడవొచ్చు గానీ అది తినేసిన పూతను తిరిగి తేలేరట. డబ్బు మాట్లాడుకునే ముందే ఈ విషయం అడగండి. రసీదు మీద కెమెరా నంబరు, లెన్స్ నంబరు రాయించుకోండి.

ఆ ఎదురుచూపు రోజుల్లోనే నా చదువంతా అయిపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది.

డి5600ని ఎం (మాన్యువల్) మీద పెట్టిన మొదటిరోజే ఒక వింత. షట్టర్ 1/60 నుంచి 1/250కి మార్చినా ఫోటో వెలుతురులో తేడా లేదు. 1/500 పెట్టినా అంతే. కెమెరా పాడైందేమోనని టెన్షన్ పడి మెనూలన్నీ తిరగేస్తే సంగతి బయటపడింది. ఐఎస్ఓ అంటే వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె. ఎం మోడ్‌లో కూడా ఆటో ఐఎస్ఓ ఆన్‌లో ఉంటే, మనం షట్టర్‌తో తగ్గించిన వెలుతురుని అది ఐఎస్ఓ పెంచి పూడ్చేస్తుంది. దాన్ని ఆపేసి ఐఎస్ఓని 400 దగ్గర కదలకుండా పెడితేనే డయల్ తిప్పిన ఫలితం కంటికి కనిపిస్తుంది. మాన్యువల్ పెట్టినా ఏమీ మారట్లేదు అనేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే. రెండో చిక్కు ఆ డయలే. ఈ మోడల్‌కి ఉన్నది ఒక్కటే. ఊరికే తిప్పితే షట్టర్ మారుతుంది, ప్లస్-మైనస్ గుర్తున్న బటన్ నొక్కిపట్టి తిప్పితే అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం సైజు, మారుతుంది. వేళ్లకు అది అలవాటయ్యేదాకా ప్రాణం విసిగింది.

మామయ్య రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేసేవాడు. మాట్లాడేది ఐదు నిమిషాలే, మొత్తం లెక్కలే.

"5.6 మీద 1/125 ఉన్నది. నువ్వు 8 పెట్టినవ్. షట్టర్ ఎంత?"

"1/60."

"11 పెడ్తే?"

"1/30."

"55 లెన్స్ పెట్టి చేత్తోటి పట్టుకుంటే?"

"కదులుతుంది మామయ్యా."

"మరేం జేస్తవ్?"

అక్కడ ఐఎస్ఓ గుర్తుకు రావాలి. 400 నుంచి 800, 800 నుంచి 1600, ఒక్కో మెట్టుకి ఒక స్టాప్, అంటే రెట్టింపు. షట్టర్ లెక్క కూడా అంతే తేలిక. అపర్చర్ అంకెలే నాకు ఎక్కలేదు. 2.8, 4, 5.6, 8, 11, 16 వరసలో పక్కపక్కన ఉన్నవి ఏవీ రెట్టింపు కావు, పైగా అంకె పెరిగితే వెలుతురు తగ్గుతుంది. "ఒకటి ఇడిసిపెట్టి ఒకటి చదువు" అన్నాడు. 2.8, 5.6, 11. మళ్లీ 4, 8, 16. ఆ రాత్రితో పట్టుబడింది.

పగటి సాధనకి ఇంట్లో ఉన్నవే సరిపోయాయి. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్‌ని 1/15, 1/60, 1/250, 1/1000తో వరసగా తీస్తే షట్టర్ ఏం చేస్తుందో ఒక్క మధ్యాహ్నంలో అర్థమవుతుంది. మేడ మీద తీగకి ఆరేసిన బట్టల్ని ఒక చివర నిలబడి, మధ్యలో ఒక చొక్కా మీద ఫోకస్ పెట్టి, 5.6తో, 11తో, 22తో తీస్తే అపర్చర్ సంగతి తెలుస్తుంది. "పక్కింటివాళ్లు ఏమనుకుంటారే, మన లంగాలు ఫోటోలు తీస్తావా" అని అమ్మ కోప్పడింది.

అసలు పాఠం వేయిస్తంభాల గుడి నంది దగ్గర నేర్చుకున్నాను. నున్నగా మెరిసే నల్లరాతి నంది అది. ఫ్రేమ్ నిండా నందినే పెట్టి, మీటర్‌ని సరిగ్గా సున్నాకి తెచ్చి తీస్తే నంది బూడిదరంగులో వచ్చింది. మీటర్‌కి నంది అని తెలియదు, నలుపు అనీ తెలియదు. ఎదురుగా ఏమున్నా అది మధ్యరకం బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. ఒకటిన్నర స్టాప్ తగ్గిస్తే నలుపు నలుపుగా, దాని మీది మెరుపు మెరుపుగా వచ్చాయి. కొన్నాళ్లకు ఎనుమాముల మార్కెట్లో పత్తి దగ్గర దీనికి సరిగ్గా ఎదురు. పత్తి కుప్ప మీద మీటర్ సున్నాకి తెస్తే మాసిన దూదిలా వచ్చింది, ఒకటిన్నర స్టాప్ పెంచితే తెల్లబడింది. ఆ తర్వాత మీటర్ చెప్పిందే వేదం అనుకోవడం మానేశాను. దాన్ని అడుగుతాను, ఎదురుగా ఉన్నది నలుపా తెలుపా చూసుకుని నా లెక్క నేను వేసుకుంటాను.

ఇదంతా నేర్పింది డిజిటలేనని గమనించండి. నొక్కిన మరుక్షణం తెర మీద ఫలితం, దాని పక్కనే వెలుతురు ఎలా పడిందో గీసి చూపే హిస్టోగ్రామ్. ప్లేబ్యాక్ మెనూలో హైలైట్స్‌కి టిక్ పెడితే, వివరం పోయి కాలిపోయిన తెలుపు మిణుకుమిణుకుమంటూ చూపిస్తుంది. నంది దగ్గర ఒక గంటలో మెమరీ కార్డు నింపుకుని, ఇంటికొచ్చి చెరిపేశాను. పైసా ఖర్చు కాలేదు.

ఎఫ్ఎం10 వచ్చాక చేసిన మొదటి పని, దాని 50 ఎంఎం లెన్స్‌ని డి5600కి తగిలించడం. రెండూ నికాన్ మౌంటే కాబట్టి చక్కగా పట్టింది. కానీ అపర్చర్ అంకె ఉండాల్సిన చోట గీతలు వచ్చాయి, ఆటోలో షట్టరే పడలేదు. పాత లెన్స్‌తో ఈ మోడల్‌కి మీటర్ పనిచేయదు, ఆటోఫోకస్ లేదు, ఎం ఒక్కటే దిక్కు. వెలుతురు అంచనా వేసి పెట్టడం, తీయడం, హిస్టోగ్రామ్ చూసి సరిచేయడం. వారం రోజులు అదే పని. దీన్నిమించిన సాధన ఇంకోటి లేదని నా అభిప్రాయం. తిరగేసి డిజిటల్ లెన్స్‌ని ఎఫ్ఎం10కి పెడదామంటే లాభం లేదు. కొత్త లెన్సుల మీద అపర్చర్ తిప్పే రింగే ఉండదు.

డిసెంబర్‌లో రీలు తెప్పించాను. కోడాక్ గోల్డ్ 200 (200 అన్నది దాని ఐఎస్ఓ), 36 ఫోటోలది, 1,050 రూపాయలు. మామయ్య స్టూడియో మూసేనాటి ధర గుర్తున్న మనిషి కాబట్టి చాలాసేపు నమ్మలేదు. రీలుని ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు, తీశాక డబ్బా మూత వెంటనే తెరవకుండా గంటసేపు బయట ఉంచమన్నాడు, లేకపోతే ఫిల్మ్ మీద చెమ్మ పడుతుందట. మందుల పక్కన ఉండటంతో అమ్మ అదేదో కళ్లమందు అనుకుంది. దాని మీద "తెరవొద్దు" అని రాసిపెట్టాను.

రీలు ఎక్కించడం కూడా ముందు పాడైన రీలుతో మామయ్య నాతో సాధన చేయించాడు. తలుపు మూసి లివర్ లాగుతున్నప్పుడు ఎడమ పక్కనుండే రివైండ్ పిడి దానంతటదే తిరగాలి. తిరగలేదంటే రీలు పళ్లకు పట్టుకోలేదని అర్థం. ముప్పయ్యారూ తీశామనుకుంటాం, లోపల ఒక్కటీ పడదు. పెళ్లి మొత్తం అలా పోగొట్టుకున్న ఫోటోగ్రాఫర్ల కథలు మామయ్య దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కటి కూడా తనది కాదట.

మొదటి ఫోటో ఓరుగల్లు కోటలో. చూపుడు వేలు షట్టర్ మీద పెట్టి చాలాసేపు నొక్కలేకపోయాను. రీలుకే ఒక్కో ఫోటో ముప్పై రూపాయలు, కడిగించడం కలిపితే యాభై. ఫ్రేమ్ బాగుందా, ఆ చెత్తకుండీ అవసరమా, రెండడుగులు పక్కకి జరిగితే పోతుంది కదా అని బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. డిజిటల్‌తో ఐదేళ్లలో ఎప్పుడూ ఇలా ఆలోచించలేదు. నొక్కాక అలవాటుగా కెమెరా వెనక్కి చూశాను, అక్కడ నల్లటి తలుపు తప్ప ఏముంది! ఆ రీలు అయ్యేదాకా ఆ అలవాటు పోలేదు. ఫిల్మ్ నేర్పుతుందని వాళ్లు చెప్పిన సగం ఇదే: ఆగడం, చూడటం, వద్దనుకుని వచ్చేయడం. ఒక్కోరోజు కెమెరా తీసుకెళ్లి ఒక్క ఫోటో కూడా తీయకుండా తిరిగొచ్చేదాన్ని, నిరాశ కూడా అనిపించేది కాదు.

ప్రతి ఫోటోకీ చిన్న నోట్‌బుక్‌లో వరస నంబరు, అపర్చర్, షట్టర్, ఎండా నీడా అన్నది రాసుకున్నాను. డిజిటల్ ఫైల్‌లో ఇవన్నీ దానంతటవే నమోదవుతాయి. రీలులో ఆ సౌకర్యం లేదు. రాసుకోకపోతే తర్వాత దేన్నుంచీ ఏమీ నేర్చుకోలేం.

సంక్రాంతికి మామయ్య మా ఇంటికి వచ్చాడు. కోటలో తోరణం ముందు, మిట్టమధ్యాహ్నం, మీటర్ చూడకుండా పెట్టమన్నాడు. "ఎండ గట్టిగున్నది. నీడ అంచు కోసినట్టున్నది. 16 పెట్టు, రీలు 200ది, షట్టర్ 250." ఆ తర్వాత మీటర్ చూస్తే సున్నా వెలిగింది. నీడ అంచు మెత్తబడితే 11, నీడ కనీకనపడకుండా ఉంటే 8. నేల మీద నీడ చూసి అంకె చెప్పడం ఆ రోజు నుంచి నాకు ఆటైపోయింది, ఇప్పటికీ బస్‌స్టాప్‌లో నిలబడి చెప్పుకుంటుంటాను.

అక్కడే ఖుష్ మహల్ ముందు ఒకే ఫ్రేమ్‌ని మూడుసార్లు తీయించాడు. ఒకటి సరిగ్గా, ఒకటి రెండు స్టాపులు ఎక్కువ, ఒకటి రెండు స్టాపులు తక్కువ. నూటయాభై రూపాయలు ఒక్క గోడకి! ప్రాణం ఉసూరుమంది కానీ, చివరికి ఆ రీలు మొత్తంలో విలువైనవి ఆ మూడే.

వేయిస్తంభాల గుడి లోపల ఇంకో బాధ. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి కావాలి. చేత్తోనే తీయాలి. రీలు 200ది కావడంతో 3.5 అపర్చర్ దగ్గర మీటర్ 1/4 సెకను అడిగింది. 50 ఎంఎం లెన్స్ పెట్టి 1.8కి తెరిస్తే 1/15కి వచ్చింది. స్తంభానికి ఆనుకుని, ఊపిరి బిగబట్టి తీశాను. అదే చోట డి5600లో ఐఎస్ఓ 3200 పెడితే 3.5 దగ్గర 1/60తో హాయిగా వచ్చింది. డిజిటల్‌లో ఐఎస్ఓని ఫోటో ఫోటోకీ మార్చొచ్చు, ఫిల్మ్‌లో రీలు అయిపోయేదాకా ఒకటే. ఈ తేడా అందరూ చెప్పేదే గానీ, చీకటి మండపంలో నిలబడ్డప్పుడు దాని బరువు వేరు.

జనవరి 20 నాటికి రీలు అయిపోయింది. వరంగల్‌లో కలర్ ల్యాబులు చాలానే ఉన్నాయి, కానీ నేను అడిగినచోటల్లా రీళ్లు కడిగే మెషీన్ ఎప్పుడో తీసేశామన్నారు. ఒకాయన రీలుని చేతిలోకి తీసుకుని, వాసన చూసి, నవ్వి ఇచ్చేశాడు. చివరికి వేరే రాష్ట్రంలో ఉన్న ఒక ల్యాబుకి పోస్టులో పంపాను. కడగడం, స్కాన్ కలిపి 650, రానూపోనూ పోస్టు ఖర్చు 120. వారం రోజుల్లో స్కాన్లు మెయిల్ చేస్తామన్నారు. కలర్ రీళ్లు తగినన్ని చేరితేగానీ మందు కలపరని, అందుకే ఆలస్యమని తర్వాత చెప్పారు. రోజూ మెయిల్ తెరిచి చూడటం, లేకపోవడం. రీలు దారిలో పోయిందేమో, లోపల అసలు ఏమీ పడలేదేమో, రివైండ్ పిడి నిజంగా తిరిగిందా లేదా అని రాత్రిళ్లు ఆలోచనలు. ఫిబ్రవరి రెండో వారంలో స్కాన్లు వచ్చాయి.

అన్నీ బాగున్నాయి. అనుమానం వచ్చేటంత బాగున్నాయి. ఎండలో రాయి రంగు, మామయ్య ముఖం మీద వెచ్చటి పసుపు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత నోట్‌బుక్ తీసి ఖుష్ మహల్ మూడూ పక్కపక్కన పెట్టాను. సరిగ్గా తీసిందీ, రెండు స్టాపులు ఎక్కువ ఇచ్చిందీ దాదాపు ఒకేలా ఉన్నాయి. తక్కువ ఇచ్చింది మాత్రం నీడల్లో బురదగా, ఇసుక చల్లినట్టుంది. ల్యాబుకి ఫోన్ చేసి అడిగితే, స్కానర్ ఒక్కో ఫోటోకీ వెలుతురు దానంతటదే సరిచేస్తుందని చెప్పారు.

ఫిల్మ్‌తోనే మొదలుపెట్టాలన్న మాటలో నిజం కాని రెండో సగం ఏదో ఆ రోజు నాకు తెలిసింది. ఎక్స్‌పోజర్, అంటే ఎంత వెలుతురు ఇవ్వాలన్నది, నేర్చుకోవడానికి ఫిల్మ్ అంత మంచి పంతులు కాదు. నువ్వు పెట్టింది సరైనదో కాదో మూడు వారాల తర్వాత చెబుతుంది, అది కూడా స్కానర్ దిద్దిపెట్టిన జవాబు పత్రం.

నిజం నెగటివ్‌లో, అంటే కడిగిన అసలు రీలులో ఉంది. అందుకే నెగటివ్‌లు తప్పకుండా తెప్పించుకోండి. అడగకపోతే కొన్నిచోట్ల తిరిగి పంపరు. నావి మార్చి మొదటి వారానికి చేరాయి. మామయ్య వాటిని కిటికీ వెలుతురుకి ఎత్తి, నా నోట్‌బుక్ చూడకుండానే చెప్పుకుంటూ పోయాడు. "ఇది పలచగున్నది, వెలుతురు చాల్లేదు. ఇది మంచిగున్నది. ఇది దట్టంగున్నది, ఎక్కువిచ్చినవ్, అయినా ఫికర్ లేదు, దీంట్ల సరుకున్నది." రాసుకున్న అంకెలతో పోల్చి చూస్తే అన్నీ సరిపోయాయి. నెగటివ్ ఫిల్మ్‌లో వెలుతురు ఎక్కువైతే వివరం మిగులుతుంది, తక్కువైతే నీడల్లో ఏమీ పడదు, పడనిదాన్ని ఏ స్కానరూ తేలేదు.

వెంటనే డి5600తో అదే గోడ దగ్గరికి వెళ్లి, అవే మూడు రా ఫైళ్లుగా (కెమెరా దిద్దకుండా దాచే ఫైళ్లు) తీశాను. ఇక్కడ కథ తలకిందులైంది. రెండు స్టాపులు తగ్గించిన దాన్ని కంప్యూటర్‌లో పైకి లాగితే చక్కగా వచ్చింది. రెండు స్టాపులు పెంచిన దాంట్లో ఆకాశం, ఎండ పడ్డ రాయి కాలిపోయాయి, ఎంత లాగినా తెల్లకాగితమే. ఫిల్మ్‌కి నీడ చూసి వెలుతురు ఇవ్వాలి, డిజిటల్‌కి తెలుపు చూసి ఇవ్వాలి. ఎన్నో వీడియోల్లో విన్నదే ఇది. మూడూ మూడూ ఆరు ఫోటోలతో లోపలికి దిగింది.

దీన్ని పరీక్షించడానికి రామప్ప గుడికి మించిన చోటు దొరకదు. హనుమకొండ నుంచి దాదాపు డెబ్బై కిలోమీటర్లు, పాలంపేటలో. చూరు కింద నల్లరాతి మదనికలు (నాట్యభంగిమల్లో చెక్కిన స్త్రీ శిల్పాలు), వాటి వెనక తెల్లటి ఆకాశం. అక్కడికి ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 నలుపు తెలుపు రీలు పట్టుకెళ్లాను, 950 రూపాయలు. ఫిల్మ్ మీద మదనిక నీడకి కొలిచి తీశాను. డిజిటల్ మీద ఆకాశం కాలకుండా తీసి, నీడని తర్వాత లేపాను. రెంటికీ ఆలోచన ఒకటే, మొదలుపెట్టే చివర వేరు.

ఈ రీలు ల్యాబుకి పంపలేదు, ఇంట్లోనే కడిగాం. మామయ్య దగ్గర పాత ట్యాంకు ఉంది. డి-76 డెవలపర్ పొడి (బొమ్మను బయటికి తెచ్చే మందు), హైపో (దాన్ని నిలిపే మందు), ఒక థర్మామీటర్ కలిపి 1,100 అయింది. రాత్రిపూట బాత్‌రూమ్ తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కి, లైటార్పి, చీకట్లో తడుముకుంటూ రీలుని ట్యాంకు చక్రానికి చుట్టాలి. చక్రం ఏమాత్రం తడిగా ఉన్నా ఫిల్మ్ పట్టేసుకుని కదలదు, అందుకే పొద్దున్నించీ ఎండలో పెట్టాం. మందు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మార్చిలో మా నల్లా నీళ్లు 29 ఉన్నాయి. సీసాల్ని ఐసు నీళ్ల టబ్బులో నిలబెట్టి చల్లార్చడానికి, కడగడానికి పట్టినదానికంటే ఎక్కువసేపు పట్టింది. ఏడున్నర నిమిషాలు డెవలపర్, నిమిషానికోసారి ట్యాంకు తిరగేయడం, నీళ్లు, ఐదు నిమిషాలు హైపో. చివర కడిగే నీళ్లలో మామయ్య ఒక్క చుక్క షాంపూ వేశాడు, ఆరాక నీటి మచ్చలు పడకుండా. ఫిల్మ్ ఆరేసినప్పుడు ఫ్యాన్ ఆపేయండి, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

ట్యాంకు మూత తీసి, తడి ఫిల్మ్ మీద చిన్న చిన్న మదనికలు నలుపు తెలుపులు తారుమారై కనిపించినప్పుడు నేను అరిచిన అరుపుకి అమ్మ పరిగెత్తుకొచ్చింది. డిజిటల్‌లో నాకు ఎప్పుడూ దొరకని సంతోషం ఇది, ఒప్పుకోవాలి.

స్కాన్ కూడా మేమే చేసుకున్నాం, డి5600తో. కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే ఎక్స్‌టెన్షన్ రింగులు 450 రూపాయలు. 50 ఎంఎం పాత లెన్స్ వెనక అవి తగిలిస్తే నెగటివ్ దాదాపు ఫ్రేమ్ నిండా వచ్చింది. కింద వెలుతురు కోసం ఫోన్ తెర తెల్లగా వెలిగించాం. నెగటివ్‌ని నేరుగా తెర మీద పెడితే తెర చుక్కలు కూడా ఫోటోలో పడతాయి, మధ్యలో పాలరంగు ప్లాస్టిక్ ముక్క పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి. మీటర్ లేదు, ఆటోఫోకస్ లేదు, అంతా హిస్టోగ్రామ్ చూసి పెట్టుకోవడమే.

ఏప్రిల్‌లో లెక్క రాసి చూస్తే మొత్తం 7,580 రూపాయలు. అందులో సగం దాకా కెమెరా బాగుచేయించడానికే పోయింది. ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పేది మామయ్య దసరా రోజు చెప్పిందే. ముందు చేతిలో ఉన్న డీఎస్ఎల్ఆర్‌లో ఆటో ఐఎస్ఓ ఆపి రెండు నెలలు కూర్చోండి. ఆ తర్వాత రీలు కొనండి.

ఎఫ్ఎం10లో ఇప్పుడు ఇంకో గోల్డ్ 200 ఉంది, సగం అయింది. ఈసారి స్కాన్‌లో వెలుతురు ఏమీ సరిదిద్దకుండా ఉన్నదున్నట్టు పంపగలరా అని ల్యాబుని ముందే అడిగాను. పంపుతామన్నారు, దానికి వంద రూపాయలు అదనమట. ఏమీ చేయకుండా ఉండటానికి వంద రూపాయలా అని మామయ్య ఫోన్లో నవ్వుతూనే ఉన్నాడు.